గీత పైన మిగిలింది

మేనేజరు రమ్మంటున్నాడని కబురొచ్చేసరికి కోడలు మిషను మీద ఉంది. బల్ల పొడవునా నీలం గుడ్డ పొర మీద పొర పరిచి ఉంది. పై పొర మీద సుద్దతో చొక్కా ముక్కలు గీసి ఉన్నాయి. ఆ గీతల వెంట నిలువు కత్తి మిషను నడిపించుకుంటూ పోవాలి. ఎడమ చేతికి ఇనుప అల్లిక తొడుగు, కుడి చేతిలో మిషను పిడి. తిన్నగా పోయినంతసేపూ బాధ లేదు. చంక దగ్గర వంపు తిరిగేటప్పుడు మాత్రం మణికట్టు మెలి తిప్పక తప్పదు. కొన్ని నెలలుగా ఆ వంపు వస్తోందంటేనే ఆమెకు ముందుగా పళ్లు బిగుసుకుంటున్నాయి. పొద్దున్నే మంచినీళ్ల గ్లాసు ఎత్తాలన్నా ఎడమ చెయ్యే ముందుకొస్తోంది.

ఆ హాల్లో ఆమెను అందరూ కోడలనే పిలుస్తారు. మామగారు అదే హాల్లో జుట్టు నెరిసేదాకా కత్తెర పట్టినవాడు. పెళ్లయ్యాక ఆమె వచ్చి అక్కడ చేరిన రోజునే అందరికీ కోడలైపోయింది. ఆమెకంటే చిన్నవాళ్లు కోడలక్కా అంటారు. ఎవరి కోడలో తెలియకుండానే పిలిచేవాళ్లూ ఉన్నారు.

మేనేజరు కుర్చీలోంచి లేవకుండానే సంగతి చెప్పాడు. కటింగ్ మాస్టరు పోస్టు ఖాళీగా ఉంది, ఆమెకిద్దామనుకుంటున్నారు. శుక్రవారం పొద్దున వచ్చి సంతకం పెట్టాలి.

"మీ హాలు వాళ్ల సంగతి నాకు తెలుసు. పోయినేడు ఆ పొడుగావిడకిస్తే వద్దంది. ఈసారి నువ్వూ వద్దంటే బయటి నుంచి తెచ్చుకుంటాను. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడవకండి" అన్నాడు.

ముందు ఆమెకు గుర్తొచ్చింది జీతం కాదు, మణికట్టు. మాస్టరు మిషను పట్టడు. అట్టముక్కలు గుడ్డ మీద పేర్చి, ఎక్కడా గుడ్డ వృథా కాకుండా సుద్దతో గీసి పక్కకు తప్పుకుంటాడు. రోజంతా సుద్ద పట్టుకుంటే చెయ్యి నొప్పి పుడుతుందా? లోపల్లోపల ఎగిరి గంతేసినంత పనైంది. గుమ్మం దాటి హాల్లో అడుగుపెట్టగానే ఆ సంతోషం కాస్తా జారిపోయింది.

బల్లకు ఆ చివర పొడుగక్క గుడ్డ పరుస్తోంది. హాల్లో ఏ బల్ల మీదైనా రెండో వైపు అందుకోగల చేతులు ఆవిడవి. అంచులు కలిపి అరచేత్తో దులుపుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఏమన్నాడు?"

"మాస్టరు పోస్టు ఇస్తాడట."

పొడుగక్క చెయ్యి ఆగింది. "నువ్వేమన్నావ్?"

"శుక్రవారం దాకా టైమిచ్చాడు."

"మీ మామయ్యని అడిగాకే ఊఁ అను. ఆయన లెక్క చూడకుండా మాటివ్వకు. గీత దాటిపోతావ్" అని మళ్లీ గుడ్డ లాగింది.

ఎంత జీతం వరకు పన్ను పడదో ఆ హద్దుకు హాల్లో వాళ్లు పెట్టుకున్న పేరు గీత. అక్కడ పనిచేసేవాళ్లందరి జీతం ఆ గీతకు కిందే ఉంటుంది. మాస్టరు జీతం మాత్రం దాన్ని కాస్త దాటుతుంది. దాటిందా, ఇక మొదటి పైసా నుంచి మొత్తం జీతం మీద పన్ను పడుతుందనీ, పెరిగినదానికంటే పోయేదే ఎక్కువనీ హాలంతా గట్టి నమ్మకం. అందుకే ఎప్పుడో మామయ్య ఆ పోస్టు వద్దన్నాడు. పెద్ద ఆఫీసరు ముందు నిలబడి, "జీతం పెంచి నా జేబు కొడతారా" అన్నాడనీ, ఆఫీసరు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడనీ ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్లకు చెబుతారు. ఆ మాట తర్వాత మామయ్య హాలుకు లెక్కలాయన అయిపోయాడు. ఏటా ప్రభుత్వం కొత్త రూల్సు ప్రకటించిన సాయంత్రం జనం ఇంటికొచ్చి, ఈ ఏడు గీత ఎక్కడ పెట్టారు, ఎంత దాచుకుంటే ఎంత తగ్గుతుంది అని ఆయన్నే అడుగుతారు. పోయినేడు పొడుగక్క కూడా అలాగే వచ్చి అడిగింది. వద్దన్నాడు, మానేసింది.

*

సాయంత్రం కోడలు ఇల్లు చేరేసరికి మామయ్య వరండాలో సానరాయి ముందు కూర్చుని ఉన్నాడు. రిటైరయ్యాక చుట్టుపక్కల టైలర్ల కత్తెర్లకు పదును పెట్టడం ఆయన వ్యాపకం. రెండు రెక్కలూ విడదీసి, రాయి మీద నీళ్లు చిలకరించి, ఒకే వాలులో లాగుతాడు. తర్వాత తడిపిన గుడ్డపీలిక మీద కత్తిరించి చూస్తాడు. తడిగుడ్డ నలగకుండా తెగితేనే కత్తెర తిరిగిస్తాడు.

ఆమె చెప్పింది విని రాయి మీద చెయ్యి ఆపాడు.

"ఎవరన్నారు?"

ఏ మాట చెప్పినా ఆయన మొదట అడిగేది అదే. పక్కవీధిలో కరెంటు పోయిందన్నా ఎవరన్నారంటాడు.

"మేనేజరే అన్నాడు మామయ్యగారూ. శుక్రవారం సంతకం పెట్టాలట."

"ఎంత పెంచుతాడట?"

చెప్పింది. ఆయన కళ్లు మూసుకుని, బొటనవేలితో వేళ్ల కణుపులు లెక్కపెట్టి తలూపాడు. "గీత దాటుతుందమ్మాయ్. వద్దను."

"దాచుకుంటే తగ్గుతుందంటారు కదా? ఇంకాస్త దాచుకుంటే..."

"అది పాత పద్ధతి. ఇప్పుడు కొత్త పద్ధతని ఇంకోటి పెట్టారు. పాతదాంట్లో ఉంటే దాచుకున్నది చూపించుకోవచ్చు, గీత మాత్రం కిందనే ఉంటుంది. కొత్తదాంట్లోకి పోతే గీత పైకి జరుగుతుంది గానీ దాచుకున్నా దాచుకోకపోయినా ఒకటే. ఎటు పోయినా నువ్వు గీత పైనే తేలతావ్. మనలాంటివాళ్లకి గీత కింద ఉండటమే మేలు."

ఆమె చెయ్యి నొప్పి సంగతి చెబుదామనుకుంది. కానీ ఆ నొప్పి ఆయనకు తెలియనిదేం కాదు. వారం క్రితం నీళ్ల బిందె ఆమె చేతిలోంచి జారిపోతే వచ్చి నేల తుడిచింది ఆయనే.

ఆమె భర్త ఫ్రిజ్ మెకానిక్. అన్నం తింటూ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "నాన్న లెక్క ఎప్పుడూ తప్పలేదు. నీ చెయ్యి చూస్తే జాలేస్తోంది. నేను గ్యాసు పట్టేవాణ్ణి, నన్నడిగితే ఫ్రిజ్ చల్లబడుతుంది గానీ మీ గొడవ చల్లబడదు" అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు.

మర్నాడు బస్సులో ఫోను చెవి దగ్గర పెట్టుకుని, పన్నుల గురించి ఎవరో గడగడా చెబుతుంటే వింది. ఈ ఏడు ఏం మారింది, పోయినేడు ఏం ఉండేది, ఏ పొదుపుకు ఎంత తగ్గింపు, ఏ పద్ధతిలో అది చెల్లదు. రైలు వెళ్లిపోయినట్టు వెళ్లిపోయాడు గానీ ఆమెకు తలా తోకా అందలేదు. మళ్లీ మొదట్నుంచి పెట్టుకుంది. రెండోసారికి భయం రెట్టింపయింది. వద్దంటే చెయ్యి పోతుంది. ఊఁ అంటే జీతం పోతుంది. రెండూ కళ్లముందే ఉన్నాయి, మధ్యలో దారి లేదు. ఆ రోజు మిషను వంపు దగ్గర గీత తప్పింది. పొరలన్నిటికీ ఒక్కసారే చంక దగ్గర చిన్న గంటు పడింది. పొడుగక్క చూసి, సూపర్‌వైజరు వచ్చేలోగా ఆ ముక్కల్ని జేబులకు వాడే చిన్న ముక్కల కట్టలోకి తోసేసింది.

"మనసు ఇక్కడ లేదేంటి?" అంది మెల్లగా. "నాకు పోయినేడు ఇంతే. వద్దన్నాక గానీ నిద్ర పట్టలేదు."

*

బుధవారం భోజనాల వేళ కోడలు టిఫిను డబ్బా అక్కడే పెట్టేసి ఆఫీసు గదికి వెళ్లింది. జీతాలు చూసే అమ్మాయిని అందరూ జీతాలమ్మాయి అంటారు. కంప్యూటరు వెనకాల తల తప్ప కనబడనంత చిన్న మనిషి, గొంతు మాత్రం గదంతా వినిపిస్తుంది.

"మాస్టరు పోస్టు గురించేనా? గీత గురించేనా?" అని తనే మొదలుపెట్టింది. "మీ హాల్లోంచి ఎవరొచ్చినా ఇదే. చెబితే వింటారు, బయటికెళ్లి ఎవరో లెక్కలాయన చెప్పిందే చేస్తారు. కూర్చోండి."

లెక్కలాయన తన మామగారని కోడలు చెప్పలేదు.

"జీతం గీత దాటితే మొత్తం మీద పన్ను కదా?"

"ఎవరు చెప్పారండీ మీకు? గీత వరకు ఉన్నదాని మీద ఏమీ లేదు. గీత పైన ఎంత మిగిలిందో దాని మీదే. అందులోనూ అంతా తీసుకోరు, కొంచెమే."

కోడలికి బోధపడలేదు. మళ్లీ చెప్పమంది. ఆ అమ్మాయి విసుక్కుంటూనే స్క్రీను ఇటు తిప్పి అంకెలు చూపించింది. అంకెలు చూసేసరికి బుర్ర ఇంకా మొద్దుబారింది. అప్పుడు ఆ అమ్మాయి ఒక చిత్తుకాగితం లాగి, మధ్యలో అడ్డంగా పెన్నుతో గీసి, గీత పైభాగం నుంచి ఒక మూల చిన్న ముక్క చింపింది. మిగతా కాగితమంతా అలాగే ఉంది. కోడలు దాన్ని చేతిలోకి తీసుకుంది. ఏళ్ల తరబడి గీతల మీద కోసిన మనిషి. గీతకు ఇటువైపు ఉన్న గుడ్డకు కత్తి తగలదన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక్కసారిగా అంతా విడిపోయినట్టు అర్థమైంది.

"అంటే పెరిగినదాంట్లోనే కొంచెం పోతుంది. మిగతాది చేతికొస్తుంది."

"అదేగా చెబుతున్నాను!"

"మరి పాత పద్ధతి, కొత్త పద్ధతి?"

"మీరు దాచుకునేది ఎంత? అంతేనా? అయితే మీకు కొత్తదే లాభం. ఎక్కువ దాచుకునేవాళ్లకి పాతది పనికొస్తుంది. ఏ ఏటికా ఏడు వచ్చి అడిగి ఎంచుకోవాలి. ఎందుకంటే ఏటా ఏదో ఒకటి మారుస్తారు. పోయినేడు చూసింది ఈ ఏడు చెల్లదు."

కోడలు లేచి నిలబడింది. గుండె తేలికైంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. ఎందుకు తిరిగిందో ఆమెకే తెలియదు.

"ఈ... గీత పైన ఉన్నదానికే అన్న రూలు, ఈ ఏడాది వచ్చిందా?"

"అబ్బే. గీత అటూ ఇటూ జరుగుతుంది గానీ ఆ పద్ధతి ఎప్పుడూ అంతే. మా నాన్నగారి రోజుల్లోనూ అంతే."

అంటే మామయ్య మాస్టరు కాకుండా మిగిలిపోయింది ఒక తప్పు లెక్క వల్ల. పొడుగక్క కూడా. గడపలో నిలబడి, చింపిన కాగితం చేతిలో నలుపుతూ, ఈ సంగతి ఆ ముసలాయనకు ఎలా చెప్పడం అని ఆమె దిగులుపడింది. ఆయన బతుకులో అందరూ చెప్పుకునేది ఆ ఒక్క మాటే. అది కూడా లాక్కుంటే ఆయనకింక ఏం మిగులుతుంది?

ఇంటికెళ్లేసరికి ఆమె ఒక నిర్ణయానికొచ్చింది. వరండా మెట్టు మీద కూర్చుని, చెప్పులు విప్పుతూ, ఆయన వైపు చూడకుండా చెప్పింది.

"ఈ ఏడాది రూల్సు మార్చారట మామయ్యగారూ. మీ రోజుల్లో మీరన్నదే నిజం. ఇప్పుడు పోస్టు తీసుకున్నా నష్టం లేదట."

కత్తెర రెక్క రాయి మీద ఆగింది. "ఈ ఏడాదా?"

"ఈ ఏడాదే."

ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు. "మార్చారన్నమాట. మంచిదే. అయితే చేరమ్మాయ్" అని మళ్లీ పనిలో పడ్డాడు.

అబద్ధం ఇంత సులువుగా చెల్లుతుందని ఆమె అనుకోలేదు. లోపలికెళ్లి స్టవ్ వెలిగించాక గానీ తోచలేదు, ఆయన ఎవరన్నారని అడగలేదు.

*

గురువారం పొద్దున ఎదురింటి టైలరు కత్తెర కోసం వచ్చాడు. కోడలు వంటింట్లో డబ్బా కడుతోంది. వరండాలో మాటలు కిటికీలోంచి వినబడుతున్నాయి.

"మా కోడలు మాస్టరు అవుతోంది" అంటున్నాడు మామయ్య.

"అదేంటి పెద్దాయనా, గీత దాటదూ?"

"ఈ ఏడు మార్చార్లే. ఇప్పుడు గీత పైన మిగిలినదానికే పన్ను. కింద ఉన్నదాని జోలికి రారు. నీ షాపులో నాలుగు మీటర్ల వరకు ఊరికే కుట్టి, ఐదో మీటరుకే కూలి అడిగావనుకో, అలాగన్నమాట."

కోడలి చేతిలో డబ్బా మూత అలాగే ఉండిపోయింది. ఆ సంగతి ఆమె ఆయనకు చెప్పలేదు. మార్చారట, నష్టం లేదట, అంతే చెప్పింది. ఎలా మార్చారో, దేని మీద పడుతుందో ఒక్క ముక్క కూడా అనలేదు. ఆయనేమో మీటర్లతో సహా, ఎక్కడా తడుముకోకుండా చెబుతున్నాడు. రాత్రికి రాత్రి తెలిసిన మాట అలా రాదు. చాలా ఏళ్లుగా నోట్లో నానిన మాట అలా వస్తుంది.

ఆయనకు ముందే తెలుసు.

ఆ సంగతి తోచాక ఆమెకు ఒళ్లు మండిపోయింది. బిందె జారిపడిన నేలను తుడిచిన చేతుల్తోనే, వద్దను అన్నాడు. తన మాట నిలబడటం కోసం నా చెయ్యి విరిగినా ఫరవాలేదనుకున్నాడా? నిన్న సాయంత్రం ఈయన మనసు నొప్పించకూడదని నేను ధైర్యం కూడదీసుకుని అబద్ధమాడానే! వెళ్లి నిలదీద్దామని గుమ్మం దాకా వచ్చింది. మామయ్య టైలరుతో నవ్వుతున్నాడు. ఆమె చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

హాల్లోకి ఆ వార్త ఆమెకంటే ముందే చేరింది. టైలరు భార్య కుట్టు విభాగంలో పనిచేస్తుంది. ఈ ఏడు రూలు మారిందట, కోడలక్క మాస్టరట అని అందరూ భుజం తడుతున్నారు. పొడుగక్క బల్ల చివర నుంచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నా నుదుటి గీత అలా ఉంది కోడలా. ఒక్క ఏడాది ముందు మార్చి ఉంటేనా, నేనుండేదాన్ని అక్కడ. భుజం పట్టేసి రాత్రిళ్లు పక్కకి తిరగలేకపోతున్నాను. పోన్లే, నువ్వైనా..."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోటి దాకా వచ్చింది. దానితోపాటే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. రూలు ఎప్పుడూ ఇంతేనని తెలిస్తే, ఈవిడ పోయినేడు వదులుకున్నది అన్యాయంగా వదులుకున్నట్టే. అప్పుడు ఈ పోస్టు ఎవరిది? మామయ్యను కాపాడటానికి ఆడిన అబద్ధం ఇప్పుడు తననే కాపాడుతోంది. ఆ సంగతి తెలిసి కూడా కోడలు అంది, "బాధపడకక్కా. రూలు మన చేతుల్లో లేదుగా."

ఆ రోజంతా బల్ల ఆ చివరకు చూడకుండానే మిషను నడిపింది.

సాయంత్రం దీపాలు పెట్టేవేళకు పొడుగక్క ఇంటికే వచ్చింది. గుమ్మం తగలకుండా తల వంచి లోపలికొచ్చి, ఒళ్లో ఒక చిన్న రేకుడబ్బా పెట్టుకుని కూర్చుంది. మూత తీస్తే బిళ్లసుద్దలు, రంగురంగులవి, అంచులు అరగదీసి పదునుగా ఉన్నాయి.

"పోయినేడు కొనుక్కున్నాను, మాస్టరునవుతానేమోనని. నాకింకెందుకు. నువ్వు వాడుకో."

డబ్బా బల్ల మీద పెట్టి మామయ్య వైపు తిరిగింది.

"పెద్దయ్యా, ఒక్క మాట అడగనా? మార్చింది ఈ ఏడాదేగా? పోయినేడు నేను వద్దనడం సరైనదేగా? మా ఆయన ఇంటికెళ్లి చెప్పినప్పట్నుంచీ ప్రాణం తీస్తున్నాడు, చేతికొచ్చింది కాలదన్నుకున్నావని. అప్పటి లెక్క అప్పుడు రైటేనని మీ నోటితో అనండి. వెళ్లి ఆయన మొహాన కొడతాను."

మామయ్య కోడలి వైపు చూశాడు. ఆ చూపు ఏం అడుగుతోందో ఆమెకు తెలుసు. పొడుగక్క కూడా ఆమె వైపే తిరిగింది. తలూపితే చాలు. ముగ్గురూ ఎవరి చోట్లో వాళ్లు హాయిగా ఉంటారు. రేపు పొద్దున సంతకం, ఎల్లుండి నుంచి చేతికి సుద్ద. ఆమె చూపు ఆ డబ్బా మీద పడింది. ఒక్కో బిళ్ల అంచూ ఎంత ఓపిగ్గా అరగదీసిందో.

"మామయ్యగారినే అడుగక్కా" అంది. "నాకంటే ఆయనకే బాగా తెలుసు."

ముసలాయన ఒకసారి కళ్లజోడు తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. కోడలు ఇక సాయం రాదని ఆయనకు అర్థమైంది.

"లేదమ్మా" అన్నాడు. "పోయినేడూ ఇంతే. నా రోజుల్లోనూ ఇంతే. నేను తప్పు చెప్పాను."

"తెలియక చెప్పారు, అంతేగా?"

ఆవిడ ఇంకా ఆయనకు దారి ఇస్తోంది. ఆయన తీసుకోలేదు.

"నేను వద్దన్న మరుసటేడే తెలిసింది. అప్పటి జీతాల గుమాస్తా కూర్చోబెట్టి చెప్పాడు. అప్పటికే హాలంతా నన్ను నెత్తిన పెట్టుకుంది. తప్పని ఎలా చెప్పను? తర్వాత తర్వాత చెప్పడం ఇంకా కష్టమైపోయింది."

పొడుగక్క తిట్టలేదు. ఏడుస్తుందేమో అనుకుంది కోడలు. ఏడవలేదు కూడా.

"నీకెప్పుడు తెలిసింది?" అని ఆమెనడిగింది.

"రూలు సంగతి నిన్న. ఆయనకు తెలుసన్న సంగతి ఇవాళ పొద్దున."

"అన్నీ తెలిసి, ఇవాళ హాల్లో నన్ను ఓదార్చావు."

పొడుగక్క డబ్బా మూత పెట్టి, గట్టిగా నొక్కి, మళ్లీ చేతిలోకి తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగి అంది:

"రేపు నాకంటే ముందు మేనేజరు దగ్గరికి వెళ్లకు."

*

శుక్రవారం పొద్దున కోడలు ఆఫీసు గది బయట నిలబడి ఎదురుచూసింది. పొడుగక్క వచ్చింది గానీ పలకరించలేదు. ఇద్దరూ లోపలికెళ్లారు. మేనేజరు కాగితం కోడలి వైపు తోసి, పెన్ను మూత తీసిచ్చాడు. అప్పుడు వెనకాల మనిషి కనబడింది.

"నువ్వెందుకొచ్చావ్?"

పోయినేడు ఇదే గదిలో తన నోటితోనే వద్దన్న మనిషి, ఇప్పుడు కావాలని ఎలా అడుగుతుంది? పొడుగక్క గోడకున్న క్యాలెండరు వైపు చూస్తూ నిలబడింది. కోడలికి ఆ క్షణంలో ఒకటే అనిపించింది. ఈవిడ అడగదు. నేను సంతకం పెట్టేస్తే ఎవరూ నన్నేమీ అనలేరు. పెన్ను పట్టుకున్న చేతిలో మణికట్టు సలుపుతోంది.

పెన్ను కింద పెట్టింది.

"పోయినేడు ఈ పోస్టు అక్కకిచ్చారు సార్. మా ఇంట్లోవాళ్లు తప్పు లెక్క చెబితే వద్దంది. ఆవిణ్ణి ఇంకోసారి అడగండి."

"ఏంటి ఆటలా? ఉన్నది ఒక్క పోస్టు."

"తెలుసు సార్. అందుకే ముందు ఆవిణ్ణి అడగమంటున్నాను."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఎవరు చేరినా ఆయనకొకటే, ఇవాళ సంతకం పడితే చాలు. "సరే. ఏమ్మా, కావాలా? పన్ను పడుతుంది మరి, తర్వాత నన్నంటావు."

"పడనివ్వండి సార్" అంది పొడుగక్క. వంగి సంతకం పెట్టింది.

బయట నడవలో ఇద్దరూ కాసేపు పక్కపక్కనే నడిచారు. కోడలికి ఏడుపు తన్నుకొస్తోంది. వద్దనుకుంటున్నా కళ్లు తడిశాయి. హాలు గుమ్మం దగ్గర పొడుగక్క ఆగింది.

"మిషను ఒక్కరి మీదే వేయను. వంతులు పెడతాను, నీ చెయ్యి తగ్గేదాకా నీకు తక్కువ వంతు." కాస్త ఆగి అంది, "నిన్నటిది మర్చిపోయాననుకోకు. అది మర్చిపోవడానికి నాకు టైము పడుతుంది."

"సరే అక్కా" అని కోడలు ఇనుప తొడుగు చేతికెక్కించుకుంది.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి సానరాయి తడి ఆరిపోయి ఉంది. కత్తెర్లన్నీ కట్టలోనే ఉన్నాయి. మామయ్య ఉతికిన చొక్కా వేసుకుని మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"సంతకం పెట్టావా?"

"లేదు మామయ్యగారూ. అక్క పెట్టింది."

ఆయన తలూపాడు. నా వల్లే అని గానీ, పోనీలే అని గానీ అనలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచాడు.

"ఎక్కడికి?"

"ఇంకా ఇద్దరున్నారమ్మాయ్, నా మాట విని వద్దన్నవాళ్లు. ఒకాయన రైల్వే గేటవతల ఉంటాడు. ఇంకొకాయన పోయాడు, భార్య ఉంది. చెప్పొస్తాను."

"ఇప్పుడా? చీకటి పడుతోంది. రేపు వెళ్దురు గాని."

"రేపటికి నాకు ధైర్యం ఉంటుందో లేదో" అన్నాడు.

గోడ పట్టుకుని మెట్టు దిగి, కాలితో చెప్పుల కోసం వెతుకుతున్నాడు. ఆయన మీద కోపం ఇంకా పోలేదు. అయినా కోడలు వంగి, ఎడమ చేత్తో చెప్పులు ఆయన పాదాల ముందుకు జరిపింది. తన చెప్పులు విప్పనేలేదు. చేతి సంచి గడప లోపల పెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఆయన వెనకే నడిచింది.